గడిలో చుక్క

చీటీల పిన్ని పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ఒక బటన్‌కి రంగు ఎంచుతున్నాను. ముదురు నీలమా, లేత నీలమా అని పొద్దుటి నుంచీ ఒకటే తర్జనభర్జన. ఎదురింటి బావ ఫోన్ చేశాడు. ఆటో నడుపుతాడు, మాటలు తక్కువ. "పిన్ని పోనాది బావా. ఇప్పుడే. నువ్వు బేగి రా," అన్నాడు. వస్తున్నానన్నాను. అని, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ బటన్‌ని ముదురు నీలంలో ఉంచి, సేవ్ చేసి, అప్పుడు కుర్చీలోంచి లేచాను.

అది తలచుకుంటే నామీద నాకే రోత పుడుతోంది. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చున్నది ఆ రోతతోనే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కన్నీళ్లతో మొదలుపెట్టడం ఆనవాయితీ. పిన్నికి కన్నీళ్లంటే గిట్టదు. "ఏడుపు తరవాత ఏడుద్దువు గాని, ముందు పేరు సెప్పు," అనేది కౌంటర్ దగ్గర ఎవరైనా ముక్కు ఎగబీలిస్తే. అందుకని నేనూ కన్నీళ్లు తరవాతకి పెట్టుకున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. అనకాపల్లిలో మా ఇంటికి రెండిళ్లవతల ఉండేది. మా అమ్మ ఆవిణ్ణి 'చెల్లీ' అని పిలిచేది కాబట్టి నాకు పిన్ని అయింది. వీధిలో మిగతావాళ్లు నర్సమ్మ అనేవారు. నర్సు కాదు. ఊళ్లో ఒకప్పుడు ఉండి, ఈమధ్యే మూతబడిన ఒక మిషన్ ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసేది. రోగి వచ్చి కిటికీ ముందు నిలబడితే పేరు, వయసు, ఊరు అడిగి, ఏ గదికి వెళ్లాలో చీటీ మీద రాసి ఇవ్వడం ఆవిడ ఉద్యోగం. ముప్ఫై ఏళ్లు ఆ కిటికీ వెనకే కూర్చుంది. తెల్లచీర కట్టుకుని ఆసుపత్రికి వెళ్లే ఆడమనిషిని నర్సమ్మ అనక ఇంకేమంటారు మరి. ఆవిడా దిద్దలేదు.

తన పాతికేళ్ల వయసులో ఒక ట్రంకుపెట్టెతో ఒక్కతే వచ్చి ఆ ఇంట్లో దిగిందట. పెళ్లయింది. మొగుడు ఉన్నాడో, పోయాడో, ఎక్కడున్నాడో మాకెవరికీ తెలియదు. అతని పేరు ఆవిడ నోట ఎవరూ వినలేదు. అడిగే ధైర్యం మా అమ్మకే లేదు, ఇంక మాకేం ఉంటుంది.

పిన్ని కౌంటర్ పక్కన గోడకి ఒక ఇనప ఊచ ఉండేది. పాడైన చీటీలన్నీ దానికి గుచ్చేది. పేరు తప్పు పడినవి, గది నంబరు తప్పు పడినవి, కొట్టివేతలతో చదవడానికి వీల్లేకుండా పోయినవి. ఇంకొకరైతే నలిపి బుట్టలో పారేస్తారు. ఈవిడ వారం వారం ఆ ఊచ దులిపి, చీటీలు రుమాల్లో కట్టుకుని ఇంటికి తెచ్చేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, వరండాలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కటీ తీసి చూసేది. చూసి "ఛీ" అనేది. ఇంకొకటి తీసేది. మళ్లీ "ఛీ". చిన్నప్పుడు మేం గోళీలు ఆడుతూ ఆ ఛీలు లెక్కపెట్టేవాళ్లం. పాపం రోగుల్ని తిడుతోందని నేను చాలాకాలం అనుకున్నాను.

ఒకసారి అడిగేశాను. "అలా తిడతావేంటి పిన్నీ, చదువురానివాళ్లు కదా?"

"ఆళ్లనెందుకు తిడతానురా? ఈ కాయితాన్ని తిడతన్నాను," అంది. ఒక చీటీ నా ముందు పెట్టింది. "సూడు. ఊరు రాయడానికి ఎంత జాగా ఇచ్చేడో. సీమ తల పట్టదు. కోటవురట్ల అని రాసీసరికి ఆ ట్ల ఎల్లి గది నంబర్లో పడింది. అది పదకొండో పదిహేడో ఎవుడికీ తెలవలేదు. కంటికని వచ్చిన ముసలాయన పంటి డాక్టరు కాడ నోరు తెరుసుకుని కూసున్నాడు. ఆయన నోరు సూసి ఆళ్లు నవ్వుతారేటి. సిగ్గుపడాల్సింది కాయితం. మనిషి కాదు."

అప్పుడు నాకు అది ఒట్టి చాదస్తంలా కనిపించింది.

కొన్నేళ్లు గడిచాయి. నేను కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, నాలుగురోడ్ల జంక్షన్ దగ్గర ఒక మేడ మీద రెండు కంప్యూటర్లు పెట్టి వెబ్ డిజైనింగ్ అని బోర్డు తగిలించాను. మన ఊళ్లో అప్పటికి ఇంటర్నెట్ అంటే పరీక్షల రిజల్ట్స్ రోజున నెట్ సెంటర్ ముందు తోపులాట. వెబ్‌సైట్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ, కావాలనుకునేవాళ్లు అంతకన్నా తక్కువ. ఆ కాలపు వెబ్‌సైట్లు మీకు గుర్తుండే ఉంటాయి. తెరవగానే రెండు తలుపులు విచ్చుకునేవి. సంగీతం మొదలయ్యేది. ఒక భూగోళం గిరగిరా తిరిగేది. అడుగున అక్షరాలు కుడి నుంచి ఎడమకి పాక్కుంటూ పోయేవి. నేనూ అవే చేశాను. నా మొదటి సైటు ఒక బెల్లం వ్యాపారికి. అందులో భూగోళం బదులు బెల్లం దిమ్మ తిరిగేది. ఆ దిమ్మ తిరిగేలా చెయ్యడానికి పది రోజులు పట్టింది. గొప్పగా పిన్నిని పిలిచి చూపించాను.

కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "బెల్లం ఎందుకు తిరుగుతాందిరా?" అంది.

"చూడ్డానికి బాగుంటుందని."

"ఈగలు తోలుకోడానికేమో అనుకున్నాను. కొనేవోడికి ధర ఎక్కడుంది?"

ధర లేదు. ఫోన్ నంబర్ ఉంది, అది కూడా మూడో పేజీలో. నాకు ఒళ్లు మండింది. ఆవిడ వెళ్లిపోయాక ఆ దిమ్మ వైపు చూస్తే నాకూ ఈగలే కనిపించాయి. మొదటిసారి నా పని మీద నాకు అసహ్యం వేసింది. బాగా చెయ్యడం ఎలాగో నేర్చుకోవాలనుకున్నాను. నేర్పేవాళ్లు లేరు. మిగిలినవి పుస్తకాలు.

ఆ పుస్తకాల వేట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. బస్సెక్కి వైజాగ్ వెళ్లేవాణ్ణి. కంప్యూటర్ పుస్తకాలంటే షాపుల్లో ప్రోగ్రామింగ్ గైడ్లు, ఇరవై ఒక్క రోజుల్లో అది నేర్చుకోండి, ముప్ఫై రోజుల్లో ఇది నేర్చుకోండి. డిజైన్ పుస్తకం ఉందా అంటే ఒక షాపాయన చీరల బోర్డర్ల పుస్తకం తీసి ఇచ్చాడు. ఇంకొకాయన ఇళ్ల ప్లాన్లది ఇచ్చాడు. నెట్ సెంటర్లో ఒక గంట తీసుకుని విదేశాల సైట్లు ఫ్లాపీలో సేవ్ చేసి తెచ్చుకునేవాణ్ణి. ఇంటికొచ్చి తెరిస్తే సగం ఫ్లాపీలు తెరుచుకోవు, తెరుచుకున్నవాటిలో బొమ్మలుండవు. బొమ్మల జాగాలో ఎర్ర ఇంటూ గుర్తులు. స్ఫూర్తి కోసం వెళ్లి ఇంటూ గుర్తులు తెచ్చుకోవడం నాకు అలవాటయింది.

చివరికి ఒక పాతపుస్తకాల గుట్టలో దొరికింది. లావుపాటిది, నున్నటి కాగితం, నిండా రంగు బొమ్మలు, విదేశీ వెబ్‌సైట్ల పేజీలు. దాని పాత యజమాని తన పేరు పెన్నుతో గట్టిగా కొట్టేసుకున్నాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. వారం రోజులు నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ ఆదివారం వరండాలో పిన్ని ఊచ చీటీలు చూసుకుంటూంటే ఆ పుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టాను.

వేలు తడి చేసుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. సగం దాకా తిప్పి, "ఇందులో మనుషులు లేరేటి?" అంది.

"ఇది వెబ్‌సైట్ల పుస్తకం పిన్నీ. మనుషులెందుకుంటారు?"

"వాడేవోళ్లు మనుషులు కారేటి? ఎవులు వాడతారు దీన్ని?"

"అందరూ వాడతారు."

"అందరూ అంటే ఎవులు? ఒక్కల పేరు సెప్పు."

ఆవిడ పుస్తకం మూసి, మీద చెయ్యి పెట్టి, "నీకు పుస్తకం కావాల కదా. సోమారం పొద్దున్న ఆసుపత్రికి రా," అంది.

వెళ్లాను. తన కుర్చీ వెనక ఒక స్టూలు వేసి కూర్చోబెట్టింది. మాట్లాడొద్దంది, చూడమంది. మూడు రోజులు చూశాను. అంత చదువు నేను తరవాత ఏ పుస్తకంలోనూ చదవలేదు. కిటికీ ముందుకొచ్చిన మనిషి ఎక్కడ తడబడతాడు, ఏ ప్రశ్నకి వెనక్కి తిరిగి చూస్తాడు, ఏ ప్రశ్నకి గొంతు తగ్గిస్తాడు, ఇవన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. వయసు అడిగితే ముసలివాళ్లు బెదిరిపోతారని, "పెద్ద తుపాను నాటికి ఎంతవోడివి తాతా?" అనేది. గది నంబర్ అంకెలో రాసి, పక్కన ఆ గది తలుపు రంగు పెన్సిల్‌తో ఒక గీత గీసేది.

రెండో రోజు కొండకర్ల నుంచి ఒకామె వచ్చింది. పిన్ని పేరడిగింది, వయసడిగింది, తరవాత "ఎవుల తాలూకమ్మా?" అంది. ఆమె తలొంచుకుని "మా అన్నయ్యోల తాలూకు," అని అన్నగారి పేరు చెప్పింది. పిన్ని అదే రాసి, చీటీ ఇచ్చి పంపేసింది. అంతా అరనిమిషం పని. కిటికీ కాస్త ఖాళీ అయ్యాక దాని వెనక కథ చెప్పింది.

పాత చీటీల మీద ఆ జాగాలో 'భర్త పేరు' అని అచ్చు ఉండేదట. మన పల్లెల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు కదా. ఆ ప్రశ్న దగ్గర లైను ఆగిపోయేది. ఒకామె నవ్వేది. ఒకామె వెనకున్నవాళ్ల చెవిలో చెబుతానంటే వెనకున్నవాళ్లకి అతనెవరో తెలియదు. ఒకామె, తిరుపతి కొండ మీద ఉండే దేవుడి పేరు అని పొడుపుకథ వేసేది. కౌంటర్లో అంతకుముందున్నాయన, "మొగుడి పేరు తెలీదా?" అని కసిరేవాడట. అంతే, లైనంతా గొల్లున నవ్వు. ఒక చూలాలు ఆ నవ్వుకి చీటీ తీసుకోకుండానే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. పిన్ని రెండేళ్లపాటు పాడైన చీటీలు తీసుకెళ్లి సూపర్నెంటు గారి బల్ల మీద పోసి, పోసి, చివరికి అచ్చు మార్పించింది. 'భర్త పేరు' పోయి 'ఎవరి తాలూకు' వచ్చింది. తల్లి పేరు చెప్పినా సరే, అన్న పేరు చెప్పినా సరే, ఊరి పేరు చెప్పినా సరే. ఏమీ చెప్పకపోతే ఖాళీ.

"అడిగేముందు ఎందుకడుగుతన్నావో నీకు తెలవాల," అంది పిన్ని. "తెలకపోతే నోరు ముయ్యాల."

ఇక్కడి నుంచి రాయబోయేది నా బతుకులో అన్నిటికన్నా నీచమైన పని. ఓపిక పట్టి చదవండి.

ఆ తరవాత ఏడాదో రెండేళ్లో, హైవే పక్కన కొత్తగా వచ్చిన ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు పిలిచారు. కౌంటర్లో రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించి కార్డు ప్రింటు తీసే పేజీ కావాలన్నారు. నాకు దొరికిన మొదటి పెద్ద పని. ఆ లావు పుస్తకంలో ఒక విదేశీ ఫారం నచ్చింది. నచ్చింది నచ్చినట్టు దించాను. గడుల చుట్టూ గుండ్రటి అంచులు, లేత నీలం నీడలు. మేనేజర్ మురిసిపోయి, "ఖాళీలుంటే రికార్డు బాగోదండీ, అన్నీ కంపల్సరీ చేసెయ్యండి," అన్నాడు. కంపల్సరీ గడి పక్కన ఒక ఎర్ర నక్షత్రం పెడతాం. ఆ గడి నింపకపోతే పేజీ ముందుకి కదలదు, ఎర్ర అక్షరాలతో కసురుతుంది. ఆడవాళ్లయితే భర్త పేరు అడిగే గడి ఒకటి వస్తుంది. దాని పక్కనా నక్షత్రం పెట్టాను.

తెలియక పెట్టలేదు. స్టూలు మీద మూడు రోజులు కూర్చున్నవాణ్ణి. కొండకర్ల ఆమె కళ్ల ముందు మెదిలింది కూడా. మేనేజర్‌తో వాదన ఎందుకులే అనుకున్నాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

పిన్నికి చూపించకుండా ఉంటే పోయేది. చూపించాను. మెప్పు కావాలి కదా వెధవకి. అప్పటికే ఆవిడకి ఆయాసం మొదలైంది. మేడ మెట్లు ఎక్కి వచ్చి, కాసేపు గోడ పట్టుకుని నిలబడి, తరవాత కూర్చుంది. పేజీ అంతా చూసింది. వేలు నేరుగా ఆ గడి మీద పెట్టింది.

"ఈ ఎర్రపువ్వేటి?"

చెప్పాను.

"తీసీ."

"మేనేజర్ పెట్టమన్నాడు పిన్నీ."

"రేపు నేనే ఎల్లాననుకో ఆ ఆసుపత్రికి. నన్నేటి రాయమంటావు?"

నేను నవ్వేశాను. "నీకు భయమా పేరు పలకడానికి? పల్లెటూరి ఆడవాళ్లలాగ."

ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి చూసి మెల్లిగా చెప్పింది. "గౌరవానికి సెప్పనోళ్లు ఉన్నారు. నేను అసయ్యానికి సెప్పను. వాడి పేరు నా నోట్లోకి వత్తే కక్కొత్తాది నాకు. నలభై ఏళ్లయింది రాక. నీ గడిలో ఇది పట్టదురా. తీసీ."

ఆవిడ తన మొగుడి గురించి మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. తీసేస్తానన్నాను. తరవాతి వెర్షన్‌లో తప్పకుండా తీసేస్తానన్నాను.

నాలుగేళ్లు తీయలేదు.

మూడుసార్లు అడిగింది. క్రిస్మస్‌కి కేకు ప్లేటు ఇవ్వడానికి వచ్చి, "పువ్వు తీసేవేటిరా?" అంది. ఈ వారం అన్నాను. మిషన్ ఆసుపత్రి మూసేసిన రోజున, ఇనప ఊచ చేత్తో పట్టుకుని ఇంటికొస్తూ అడిగింది. పనిలో ఉన్నానన్నాను. మూడోసారి ఎప్పుడో గుర్తులేదు. ఆ తరవాత అడగడం మానేసింది. అడగడం మానేసిందంటే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, అంత సిగ్గులేనితనం.

ఈ నాలుగేళ్లలో నేను బాగుపడ్డాను. విదేశీ పుస్తకాలు నెట్లో ఆర్డర్ పెడితే ఇంటికే వచ్చే రోజులొచ్చాయి. అలమారా నిండింది. ఒక్కోదానికి అట్ట వేసి, వరసలో పేర్చి, వచ్చినవాళ్లకి చూపించేవాణ్ణి. ఇంకా రోత విషయం చెప్పమంటారా? ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు నన్ను పిలిచి మాట్లాడమన్నారు. వాడేవాణ్ణి ముందు గౌరవించాలి అని గంటసేపు ఉపన్యాసం దంచాను. కొండకర్ల ఆమె కథ చెప్పాను. 'ఎవరి తాలూకు' కథ చెప్పాను. పిన్ని మాటలు పిన్ని యాసలోనే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ చప్పట్లు మోగుతున్న వేళకి హైవే పక్కన ఆసుపత్రిలో నా ఎర్ర నక్షత్రం తన డ్యూటీలో తాను ఉంది. ఆ శాలువా ఇంట్లో ఉంది. ముట్టుకోబుద్ధి కావడం లేదు.

పోయిన నెల ఒక పొద్దున్న పిన్నికి ఆయాసం ఎక్కువైంది. బావ ఆటోలో ఎక్కించుకుని, దగ్గరని ఆ హైవే ఆసుపత్రికే తీసుకెళ్లాడు. నేను వైజాగ్‌లో ఉన్నాను. కౌంటర్ దగ్గర ఏం జరిగిందో తరవాత బావే చెప్పాడు.

కౌంటర్లో నడివయసు మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు, వయసు అయ్యాక భర్త పేరు అడిగాడట. "రాయొద్దు," అంది పిన్ని. "రాయకపోతే సిస్టం ఒప్పుకోదమ్మా," అన్నాడు ఆయన. "దాన్ని ఒప్పుకోమను," అంది. బావ అడ్డం పడి, "ఏదో ఒక పేరు సెప్పీ పిన్నీ, ఎవుడు సూడొచ్చేడు?" అన్నాడట. "లేనోణ్ణి నాకు కట్టబెడతావేటిరా?" అని వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

"ఎంతసేపు కూర్చుంది బావా?" అన్నాను.

"సానాసేపు. నాకు కాలూ సెయ్యీ ఆడలేదు. పిన్నేమో పైట అడ్డం పెట్టుకుని ఎగూపిరి తీత్తా, కౌంటర్ కాడికొచ్చిన ఆడోళ్లని ఒకొక్కల్నీ సూత్తా కూసుంది. ఏటి సూత్తన్నావు అంటే, ఉండు, పనిలో ఉన్నాను అంటది."

చివరికి ఆ కౌంటరాయనే లేచి వచ్చాడట. "అమ్మా, మీరు లెగండి. సుక్క పెట్టెత్తాను," అన్నాడట. గడిలో ఒక చుక్క కొడితే చాలు, పేజీ కదులుతుంది. పేరు చెప్పని అందరికీ అలాగే కొడుతున్నారు. ఆ సంగతి నాకు తప్ప ఆ ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

సాయంత్రానికి నేను చేరాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంది. నన్ను చూసి, తలగడ కింద నుంచి కార్డు తీసి ఇచ్చింది. నా లేత నీలం నీడలు, నా గుండ్రటి అంచులు. ఆవిడ పేరు కింద ఇంగ్లీషులో వైఫాఫ్, అంటే ఫలానా ఆయన భార్య, అని, దాని పక్కన ఒక చుక్క. వైఫాఫ్ చుక్క. నలభై ఏళ్లు ఒంటరిగా తలెత్తుకు బతికిన మనిషికి నేను చేయించిన పెళ్లి అది.

"రేపు పొద్దున్నే తీసేస్తాను పిన్నీ," అన్నాను.

ఛీ అంటుందని ఎదురుచూశాను. అని ఉంటే బాగుండేది. అనలేదు. గొట్టం పక్కకి జరుపుకుని, "తీద్దువు గాని. ముందు ఎంతమందికి సుక్క పెట్టేరో సూడు," అంది. "నీ ఊచకి ఎన్ని పడ్డాయో సూసుకోవా మరి?"

నాతో ఆవిడ చివరి మాట అది. మూడో రోజుకి పోయింది. గుండె ఎప్పుడో అలిసిపోయిందని, బెంచీ మీద ఆ కాసేపు కూర్చోకపోయినా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టర్ అన్నాడు. మంచాయన. ఆ ఓదార్పు నా దగ్గర దాచుకోవడానికి నాకు అర్హత లేదు, అందుకే మీకు చెప్పేస్తున్నాను. ఆ మూడు రోజుల్లో కూడా నేను ఆ నక్షత్రం తీయలేదు. ఆవిడ మంచం పక్కనే ఉన్నానని సాకు. మధ్యలో ఆఫీసుకి వెళ్లి బటన్‌కి రంగు ఎంచడానికి మాత్రం తీరిక దొరికింది.

సమాధుల తోటలో మట్టి వేసి వచ్చిన మర్నాడు ఆ ఆసుపత్రికి వెళ్లాను. కౌంటరాయన తన కుర్చీ ఇచ్చి, టీ తెప్పించాడు. మొదటి రోజు నుంచి ఈ రోజు దాకా, ఆడవాళ్ల పేర్ల పక్కన ఆ ఒక్క గడి మాత్రం వరసగా చూపించమని కంప్యూటర్‌ని అడిగాను. పేర్లున్న చోట పేర్లున్నాయి. మొదట్లో కొన్ని రోజులపాటు ఒకే మగమనిషి పేరు మళ్లీ మళ్లీ వచ్చింది. ఎవరండీ ఈయన అని అడిగాను.

"నేనే బాబూ," అన్నాడు కౌంటరాయన తల గోక్కుంటూ. "పేరు సెప్పనోళ్లందరికీ మొదట్లో నా పేరే కొట్టీసేవోణ్ణి. ఓ రోజు మా ఇంటిది భోజనం కేరేజీ అట్టుకొచ్చి ఆ కార్డులు సూసింది. అప్పట్నించి సుక్క."

నవ్వబోయి నవ్వలేకపోయాను. ఆయనా నవ్వలేదు. కిందికి జరుపుతూ పోయాను. చుక్క. చుక్క. ఒక పేరు. మళ్లీ చుక్కలు. ఒకచోట ఎవరో 'అమ్మ' అని కొట్టించుకున్నారు. మళ్లీ చుక్కలు. ఎన్నో చెప్పను, చెబితే లెక్క అయిపోతుంది. ఒక్కొక్క చుక్కా ఒకామె. ఆ కిటికీ ముందు నిలబడి తలొంచుకుంది. గౌరవానికి చెప్పనివాళ్లు, అసహ్యానికి చెప్పనివాళ్లు, మొగుడే లేనివాళ్లు, ఎవరెవరో చుక్కల్లో ఎలా తెలుస్తుంది. ఇక డాక్టరుకి చూపించుకోకుండానే వెళ్లిపోయినవాళ్లు ఉంటే, వాళ్లకి చుక్క కూడా లేదు. ఛీ అన్నాను పైకే. కౌంటరాయన తననేమో అనుకుని నా వైపు చూశాడు.

పిన్ని చుక్క దొరికింది. దాని కింద ఇంకొన్ని చుక్కలున్నాయి. ఆవిడ మంచం మీద ఉన్న రోజులవి, పోయిన రోజుది, మట్టి వేసిన రోజుది.

అప్పుడు నక్షత్రం తీశాను. 'భర్త పేరు' తీసి 'ఎవరి తాలూకు' అని కొట్టాను. బల్ల మీద టీ ఇంకా వేడిగానే ఉంది. నాలుగేళ్లు వాయిదా వేసిన పని, టీ చల్లారేలోపు అయిపోయింది. పాత చుక్కలు మాత్రం చెరపలేదు.

కౌంటరాయనకి కుర్చీ ఇచ్చేసి పక్కన నిలబడ్డాను. లైన్లో ముందున్నామె పాయకరావుపేట నుంచట, చంకలో బిడ్డతో ఉంది. ఆయన పేరు అడిగాడు, వయసు అడిగాడు. తెర మీద చూసి, కొత్తగా ఉన్న మాట కూడబలుక్కుని, "ఎవుల తాలూకమ్మా?" అన్నాడు. ఆమె బిడ్డని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. ఏమీ చెప్పలేదు. ఆయన వేలు అలవాటు కొద్దీ చుక్క మీదకి వెళ్లి, ఆగింది. నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. కార్డు ప్రింటయి బయటికొచ్చింది, ఆమె తీసుకుని వెళ్లిపోయింది. తెర మీద పక్కనే తెరిచి ఉంచిన ఆ చుక్కల వరస ఒక మెట్టు పైకి జరిగింది. చుక్కలన్నిటి కింద ఒక తెల్ల గడి.